ఉచ్చీరమ్మ చేతి గాజులు

ఇదివరకు ఆ ఇంట్లో పొద్దు పొడవకముందే లేచి మగ్గానికెక్కే పడుగు దారాలకు గంజి కాచేది ఉచ్చీరమ్మే. వీధి పొడవునా పడుగు పరిచి కుంచెతో గంజి పూస్తే, ఎండ ముదిరేలోపు దారం బిగుసుకోవాలి. ఎమ్మిగనూరు నేతవాళ్ళ వీధిలో ఆ గంజి పాకం ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదనేవాళ్ళు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, ఒక పొద్దున ఆమె ఆ గంజిలో ఉప్పేసి, మజ్జిగ పోసి, కొడుకు మారెప్పను తాగమంది.

"ఇది నాకా, పడుగుకా అమ్మా?"

"ఇద్దరూ తాగండి. సాలినంత ఉంది."

ఇంట్లో అందరూ నవ్వారు. కోడలు అంజినమ్మ కూడా నవ్వింది. మర్నాటి నుంచి మాత్రం గంజి కాచడం తన పని చేసుకుంది.

ఆ తర్వాత ఉచ్చీరమ్మకు నడక పట్టుకుంది. మొగుడు పెద్దయ్య పోయి అప్పటికి ఎన్నో ఏళ్ళు. ఆ సంగతే ఆమె మరిచిపోయింది. "మీ మామ ఆదోనికి నూలు తేను పోయినాడు, ఇంగా రాలేదే" అంటూ వాకిలి దాటి ఆదోని రోడ్డు పట్టేది. "మామ సచ్చిపోయినాడు గదత్తా" అని అంజినమ్మ ఒకసారి చెప్పింది. అప్పుడే కబురందినట్టు ఉచ్చీరమ్మ నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది. సాయంత్రానికి ఏడ్చిన సంగతి కూడా మరిచి, మళ్ళీ చెప్పులు వెతుక్కుంది. ఇక ఆ మాట అంజినమ్మ నోట రాలేదు.

ఒకరోజు పత్తి బండి తోలే తిమ్మన్న ఆమెను ఊరి బయట నుంచి బండి ఎక్కించుకొచ్చి దింపాడు.

"లారీ కింద పడాల్సింది మారెప్పా. రవంతలో తప్పింది."

మర్నాడు అంజినమ్మ కొళాయి నుంచి బిందెతో వచ్చేసరికి అత్త కాలు పగ్గంతో గుంజకు కట్టి ఉంది. మారెప్ప మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, తల ఎత్తకుండా నేస్తున్నాడు.

"విప్పు," అంది అంజినమ్మ.

"విప్పితే? మగ్గంలో దిగినానంటే నాకు పిడుగు పడినా ఇనపడదు. నువ్వు రాట్నం కాడ కండెలు సుట్టుకుంటా ఉంటావు. అమ్మ ఎప్పుడు వాకిలి దాటిందీ ఎవురికి తెల్లాల?"

ఆ మాటలో తప్పేమీ లేదు. అంజినమ్మ పగ్గం విప్పి, పెరట్లో కట్టేసిన మేక మెడలోని గంట తెచ్చి అత్త నడుముకు కట్టింది. ఉచ్చీరమ్మ గంటను అటూ ఇటూ ఊపి చూసుకుంది.

"నన్ను యాడ మేపుతావే పిల్లా?" అని దాన్ని విప్పి, తీసుకుపోయి మేకకే కట్టి వచ్చింది.

ఆ వారంలోనే గాజులమ్మే సుగ్రాబీ వీధిలోకి వచ్చింది. వాళ్ళ ఇంట్లో భుజం మీది గాజుల మలారం దించి అంజినమ్మకు గాజులు తొడుగుతుంటే, ఉచ్చీరమ్మ పక్కన కూర్చుని తన రెండు చేతులూ చాపింది.

"నాకూ ఎయ్యి సుగ్రా. బోసి సేతులు సూస్తే ఆయప్ప తిడతాడు."

సుగ్రాబీ తన చేతులు వెనక్కి తీసుకుంది. "యా అల్లా! మొగుడు పోయిన సేతికి గాజులేసినానని తెలిస్తే, పెండ్లికూతురికి ఎయ్యమని ఇంగ నన్ను ఎవురు పిలుస్తారు అంజినమ్మా?"

అంజినమ్మ చెయ్యి కదిపింది. కొత్త గాజులు మోగాయి. నడిమింట్లో ఉన్నా వినిపించే మోత.

"ఆయమ్మ లెక్కలో మామ బతికే ఉండాడు సుగ్రాబీ. కాదంటే ఏడుస్తాది, ఔనంటే రోడ్డెక్కుతాది. ఈ మోతుంటే యాడుందో నాకు తెలుస్తాది. లేదంటే ఇదే," అని అత్త చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి, మడమ పైన కందిన పగ్గం గీత చూపింది.

సుగ్రాబీ ఆ గీతను కాసేపు చూసింది. "తలుపు ముయ్యి," అంది.

మణికట్టు దగ్గర బిగువుగా ఒకటి వేసి, దాని వెనక వదులువి తొడిగింది. "ముందరిది కావిలి. ఎనకవి మోగాల. ఎవురేసినారని అడిగితే ఆదోనిలో ఏయించినామని సెప్పు. ఆడ అమ్మేటోళ్ళంటే నాకు ఎట్లాగూ పడదు."

అప్పటి నుంచి అంజినమ్మ ఒక్కో కండె నిండగానే రాట్నం ఆపి వినేది. గలగలా మోగితే అత్త వట్టి చేట చెరుగుతోందని గుర్తు. ఆగి ఆగి మోగితే నడుస్తోంది. మోత వాకిలి వైపు జరిగిందంటే పరుగే. "బస్సు ఇంగా రాలేదంట అత్తా, కూసుందాం రా" అంటే ఉచ్చీరమ్మ బుద్ధిగా కూర్చునేది. మారెప్ప కూడా నేత మధ్యలో చెయ్యి ఆపడం మొదలుపెట్టాడు. ఒకసారి "అమ్మ మోత లేదు సూడు" అని తనే కేకేశాడు. చూస్తే ఆమె నూలు మూట మీద తల పెట్టుకుని నిద్రపోతోంది.

పీర్ల పండగకు ఆదోని నుంచి ఆడబిడ్డ ఉరుకుందమ్మ వచ్చింది. తల్లి చేతులు చూసి గడపలోనే నిలబడిపోయింది.

"ఏమే, మా నాయన్ను మళ్ళీ బతికించినావా? ఈ వీధిలో నన్ను తలెత్తుకోనీవా?"

గాజులు లాగబోతే ఉచ్చీరమ్మ చేతులు కొంగులో దాచుకుంది. "నీ మొగుడు కొనిచ్చినాడేమే ఇవి? ఉండు, మీ నాయన రానీ, సెప్తా!"

ఉరుకుందమ్మ చేతులు జారిపోయాయి. గోడకు ఆనుకుని కొంగుతో ముఖం తుడుచుకుంది. అంజినమ్మ జరిగిందంతా చెప్పింది.

"సరే, బతికినన్నాళ్ళు ఉండనీ," అంది చివరికి ఉరుకుందమ్మ. "పోయిననాడు మాత్రం, నీళ్ళు పోసే ముందర, నీ సేత్తోనే పగలగొట్టాల. ముత్తయిదువ మాదిరి పంపితే లోకం నవ్వుతాది. మాటియ్యి."

అంజినమ్మ మాటిచ్చింది.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఇల్లు నిమ్మళంగా నడిచింది. ఒక చలికాలం ఉచ్చీరమ్మ జ్వరంతో పడి మరి లేవలేదు. కడపటి పూట కళ్ళు తెరిచి కోడలి వైపు చూసింది.

"వచ్చినాడా?"

"బస్సు దిగినాడంట అత్తా," అంది అంజినమ్మ.

ఉచ్చీరమ్మ కొంగు భుజం మీదికి సర్దుకోబోయింది. చెయ్యి సగంలోనే ఆగింది.

నీళ్ళు పోయడానికి వీధి ఆడవాళ్ళు చేరారు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన ఉరుకుందమ్మ ఒక రాయి తెచ్చి మరదలి చేతిలో పెట్టింది. అంజినమ్మ దాన్ని అత్తను పడుకోబెట్టిన బల్ల కింద పెట్టి చెంబు అందుకుంది.

"మాటిచ్చినావు," అంది ఉరుకుందమ్మ.

"ఇచ్చినా వదినా. ఆ పని నేను సెయ్యను."

అంజినమ్మ అత్త చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. గాజులను ఒక్కొక్కటే పైకి జరిపి, వాటి కింద నీళ్ళు పోసి కడిగి, మళ్ళీ వాటి చోటికే జరిపింది. రెండో చెయ్యి అందుకుంది.