బావకి నేను పెట్టిన సగం మాత్రలు

ఆ రోజు నా అరుపు కళాసీలకి వినబడలేదు.

పద్దెనిమిదేళ్ళుగా విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి మరబోటు నడుపుతున్నాను. బోటు నడిపేవాడు ఇంజిన్ మోతని దాటి అరవాలి, ఆ చివర వల లాగుతున్న ఆరుగురు కళాసీలకీ వినబడాలి. నా అరుపుకి పక్క బోటు వాళ్ళు కూడా ఉలిక్కిపడి పనిలోకి దిగుతారని హార్బర్లో ఆటపట్టిస్తారు. అలాంటిది ఆ రోజు "లాగండ్రా" అనబోతే దగ్గు తన్నుకొచ్చింది, ఎంతకీ ఆగలేదు. స్టీరింగ్ పట్టుకుని వంగిపోయాను. వల సగంలో ఉండగా కళాసీలు నా వైపే చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. దగ్గొచ్చినందుకు కాదు, వాళ్ళు చూసినందుకు.

నా పేరు నూకరాజు. వయసు నలభై ఒకటి. ఇంటర్ తప్పి బోటెక్కినవాణ్ణి. రాయడం వచ్చు గానీ మర్యాదగా రాయడం రాదు, సర్దుకోండి.

నెలన్నర దాచాను. మెడికల్ షాపులో దగ్గు మందు కొనుక్కుని తాగాను. సాయంత్రమయ్యేసరికి జ్వరం, పడుకుంటే చెమటలు. తిండి సయించడం మానేసింది. చివరికి నా భార్య ధనమ్మ దొరకబుచ్చుకుంది.

"లుంగీ నడుం మీద నిలబడతం లేదు. ఇంకేటి సూత్తన్నావు? నడు ఆసుపత్రికి. రాకపోతే హార్బర్లోకొచ్చి అందరిముందూ అడుగుతాను, నీకేటయిందో."

ధనమ్మ అన్నంత పనీ చేస్తుంది, కాబట్టి వెళ్ళాను.

ఎక్స్‌రే తీశారు, కళ్ళె పరీక్షకి పంపారు. సీబీనాట్ అనే టెస్ట్ అది. టీబీ క్రిమి ఉందో లేదో చెబుతుంది, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. రిపోర్టు చూసి డాక్టరమ్మ తేలిగ్గానే మాట్లాడింది. "టీబీ ఉంది. మందుకి లొంగే రకమే. మీ బరువుకి రోజుకి నాలుగు మాత్రలు, ఆరు నెలలు. తగ్గినట్టు అనిపించినా ఒక్క రోజు మానకూడదు, ఒక్క మాత్ర తగ్గకూడదు."

రెండు నెలలు గట్టు మీదే ఉండి బుద్ధిగా వేసుకున్నాను. దగ్గు పోయింది, ఆకలి పుట్టింది. మళ్ళీ టెస్ట్ చేస్తే కళ్ళెలో క్రిమి కనబడలేదు. పనికి వెళ్ళొచ్చన్నారు. నెలకి సరిపడా మాత్రలు సంచిలో పెట్టుకుని వేటకి బయల్దేరాను. మాత్రల విషయంలో ఇక్కడివరకూ నా తప్పేమీ లేదు.

ఆ బోటులోనే మా అక్క మొగుడు ఎల్లాజీ బావ కళాసీగా ఉన్నాడు. నాకు బోటు పని నేర్పింది బావే. ఒడ్డు విడిచిన నాలుగో రోజున బావ దగ్గడం విన్నాను. ఆ దగ్గు నాకు తెలుసు. నా దగ్గే అది, బావ గొంతులోంచి వస్తోంది.

"బావా, ఇది నా జబ్బే. ఒడ్డుకెల్లగానే టెస్ట్ సేయించుకో."

"నోర్ముయ్యరా. టీబీ అని తెలిత్తే ఓనరు నన్ను బోటెక్కనిత్తాడా? నీకైతే డ్రైవర్ పనుంది, నీకోసం ఆగాడు. కళాసీ కోసం ఎవడాగుతాడు?"

వేటకెళ్ళే మాకు ఒక అలవాటు ఉంది. ఒడ్డు విడిచాక బోటులో ఏదీ ఒకడిది కాదు. కూర తగ్గితే అందరికీ తగ్గుతుంది, నీళ్ళు అయిపోవస్తే అందరూ గుక్కెడే తాగుతారు. ఒక్కడు కడుపు నిండా తిని పక్కవాణ్ణి పస్తు పడుకోబెడితే మళ్ళీ వాణ్ణి ఏ బోటూ ఎక్కించుకోదు. నేను సంచి విప్పి నాలుగు మాత్రలూ అరచేతిలో పోసుకున్నాను. రెండు బావకిచ్చాను, రెండు నేను మింగాను. ఎంత మంచి పని చేశానో అని నాలో నేను మురిసిపోయాను కూడా.

మూడు వేటలు, రెండున్నర నెలలు అలాగే చెరి రెండు. బావకి దగ్గు తగ్గింది. నాకూ బాగానే ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తర్వాత ఒక ఉదయం, ఒడ్డున చేపల వేలం పాట జరుగుతుండగా దగ్గాను. చేతిలో రక్తం.

మళ్ళీ సీబీనాట్. ఈసారి డాక్టరమ్మ రిపోర్టు నా వైపు తిప్పి వేలు పెట్టి చూపించింది. "రిఫాంపిసిన్ రెసిస్టెన్స్ డిటెక్టెడ్. అంటే ఆ మందుకి ఇక లొంగదు. మొదటిసారి లొంగిన క్రిమే ఇది. మాత్రలు మానేశారా?"

"లేదు మేడమ్."

"రోజూ నాలుగూ వేసుకున్నారా?"

పక్కన ధనమ్మ ఉంది. తలొంచుకుని మొత్తం చెప్పేశాను. ధనమ్మ నా చేతిలోంచి మాత్రల సంచి లాక్కుంది.

డాక్టరమ్మకి కోపం వచ్చింది. వచ్చినా కుర్చీ ముందుకి లాక్కుని వివరంగా చెప్పింది. "మీ ఊపిరితిత్తుల్లో క్రిములు కోట్లలో ఉంటాయి. అన్నీ ఒక్కలా ఉండవు. పుట్టుకలోనే ఎక్కడో ఒకదానికి చిన్న తేడా వస్తుంది, దాంతో ఒక మందు దాని మీద పనిచెయ్యదు. అందుకే మందులు కలిపి ఇస్తాం. ఒకదాన్ని తప్పించుకున్నది ఇంకోదానికి చస్తుంది. మీరు సగం మోతాదు వేసుకునేసరికి మెతకవి చచ్చాయి, మొండివి మిగిలాయి. ఇప్పుడున్నవన్నీ వాటి పిల్లలే."

"మందుని సూసి తెలివి నేర్సుకున్నాయా మేడమ్?"

"వాటికి తెలివి లేదు. చావనివి మిగిలి పిల్లల్ని పెట్టాయి, అంతే. దీన్నే ఎవల్యూషన్ అంటారు. లక్షల ఏళ్ళు పడుతుందని అందరూ అనుకుంటారు. మీరు రెండున్నర నెలల్లో చేసి చూపించారు."

అప్పుడు నాకు వెలిగింది. "మా వలకి మల్లే మేడమ్. మా అయ్య రోజుల్లో సందువ సేప సేటంత ఉండేది. పెద్దవన్నీ వలలో పడిపోయాయి, కంతల్లోంచి జారిపోయిన చిన్నవే పిల్లలు పెట్టాయి. ఇప్పుడు అరచేతిలో పట్టే సేపకే కడుపులో గుడ్లుంతన్నాయి."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "చేపల మీద పరిశోధన చేస్తున్నవాళ్ళు కూడా అదే అంటున్నారు. మరి ఇంత తెలిసినవారు మాత్రల దగ్గర ఎలా మర్చిపోయారు?"

రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇదివరకు ఈ మొండి టీబీకి ఏడాదిన్నర, రెండేళ్ళు వైద్యం ఉండేదట. నెలల తరబడి ఇంజెక్షన్లు, వాటితో చెవులు పోయినవాళ్ళూ ఉన్నారట. ఈ మధ్య జరిగిన పరిశోధనల పుణ్యమా అని ఇప్పుడు ఆరు నెలల మాత్రలు వచ్చాయి. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లైనజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్. మొదలుపెట్టే ముందు డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది: "వీటిని కూడా పాడుచేసుకుంటే ఆ తర్వాత నా చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. మీ బావని వెంటనే తీసుకురండి."

మాత్రలు మొదలుపెట్టాను. నోరంతా ఇనుము రుచి, పొద్దున్నే వాంతులు. మందులు గుండెని దెబ్బతీస్తున్నాయేమో చూడ్డానికని మాటిమాటికీ ఈసీజీ. వీధిలో కొందరు నన్ను చూసి పక్కకి తప్పుకునేవారు. టీ కొట్టువాడు నా ఒక్కడికే కాగితం కప్పు ఇచ్చాడు. "అందరికీ అదే కప్పియ్యి, లేదా నాకూ గాజుగ్లాసియ్యి" అని మాస్కు లోంచే దెబ్బలాడాను. వాడు అందరికీ కాగితం కప్పులే పెట్టాడు. చిన్న గెలుపే గానీ ఆ రోజు నాకు అన్నం సయించింది.

రెండో నెల ఆఖరుకి కళ్ళె కల్చర్ నెగెటివ్ వచ్చింది, అంటే వారాల తరబడి పెంచి చూసినా క్రిమి పెరగలేదు. సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. అరికాళ్ళు మంటలెత్తాయి, నిప్పుల మీద నడుస్తున్నట్టే. హిమోగ్లోబిన్ పడిపోయింది. లైనజోలిడ్ వల్ల అలా అవుతుందని చెప్పి, దాన్ని కొన్నాళ్ళు ఆపి, తర్వాత డోసు తగ్గించారు. చుట్టాలొచ్చి, "జబ్బుకన్నా ముందు మందులే సంపేత్తాయి, ఆపీ" అన్నారు. ఆపడం ఏమిటో నాకు తెలుసు. డాక్టరు ఆపమంటే ఆపుతాను, చుట్టం ఆపమంటే ఆపను. వాళ్ళ ఎదురుగానే ఆ పూట మాత్రలు మింగాను.

ఇక బావ. ఎన్నిసార్లు ఫోన్ చేసినా, "నీ మాత్రలతో తగ్గిపోయింది, నాకేటీ లేదు" అనేవాడు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటికెళితే దొరకలేదు. నాకు దొరక్కూడదని వేరే బోటుకి మారిపోయాడు. ఒకరోజు మా అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, మీ బావ మళ్ళీ దగ్గుతన్నాడు. సిక్కిపోయాడు. రేపు తెల్లారగట్ల వేటకెల్తన్నాడు." నేను పెంచిన మొండి క్రిమే బావ ఛాతీలో ఉంటే, పదిహేను రోజులు సముద్రంలో, మందూ డాక్టరూ లేకుండా, ఇంకో ఏడుగురితో కలిసి ఉంటాడు. బావ చచ్చిపోతే నా చేత్తో చంపినట్టే.

తెల్లారేలోపు హార్బర్‌కి వెళ్ళాను. బోటులో ఐస్ ఎక్కించేశారు, ఇంజిన్ తిరుగుతోంది. బావ నన్ను చూసి అటు తిరిగిపోయాడు. అరుద్దామంటే ఊపిరి చాల్లేదు. బోటు తాడు గట్టు మీద ఇనుప దిమ్మకి కట్టి ఉంది. వెళ్ళి ఆ దిమ్మ మీద, తాడు మీద కూర్చున్నాను.

"లెగు నూకా, పొద్దెక్కిపోతంది" అన్నాడు ఆ బోటు డ్రైవర్.

"లెగను. నన్నెత్తి నీళ్ళల్లో పడేసి ఎల్లండి."

జనం మూగారు. మాస్కు సర్దుకుని అందరికీ చెప్పాను. "నాకు టీబీ. మందుకి లొంగని టీబీ. నాను సగం మాత్రలు బావకెట్టి దాన్ని అలా సేసుకున్నాను. తప్పు నాది, బావది కాదు. సిగ్గేటి దీన్లో? దగ్గే ప్రతివోడూ టెస్ట్ సేయించుకోండి. బావని దింపకపోతే సాయంత్రందాకా ఇక్కడే కూకుంతాను."

బావ బోటు మీంచి బండబూతులు తిట్టాడు. మా అమ్మనీ నాన్ననీ, నన్నూ, నా మాత్రలనీ. నేను కదల్లేదు. డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు. "దిగు ఎల్లాజీ. జబ్బు తగ్గించుకునొచ్చాక మళ్ళీ ఎక్కుదువు, నీ చోటు ఎవడికీ ఇయ్యను" అన్నాడు. ఆ చోటు పోతుందనే బావ ఇన్నాళ్ళూ భయపడ్డాడని నాకప్పుడు అర్థమైంది. ఏడుస్తూ దిగాడు.

బావ రిపోర్టులోనూ అదే మాట: రెసిస్టెన్స్ డిటెక్టెడ్. అవే మందులు, అవే ఆరు నెలలు.

నా వైద్యం పూర్తయింది. ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉండిపోయింది, మెట్లెక్కితే ఆయాసం, అరికాళ్ళలో తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదు. అయినా బోటు నడుపుతున్నాను. పరీక్షలకి పిలిచిన రోజు వేట మానుకుని వెళుతున్నాను.

చదివేవాళ్ళకి ఒక్కటే చెబుతాను. మీ మాత్రలు ఎవరికీ పంచకండి, ప్రాణం పెట్టే మనిషి అయినా సరే. పక్కవాడు దగ్గితే చెయ్యి పట్టుకుని టెస్ట్‌కి లాక్కెళ్ళండి. తిడతాడు, తిట్టనివ్వండి. బావ మాత్రలు వేసుకున్న ఆరు నెలలూ నన్ను రోజూ తిట్టాడు. ఆఖరి మాత్ర రెండు నెలల కిందట మింగాడు, నిన్న కల్చర్ నెగెటివ్ అని రిపోర్టు వచ్చింది. పొద్దున్న ఫోన్ చేసి అరగంట తిట్టాడు. మధ్యలో ఒక్కసారి కూడా దగ్గలేదు.