సోమవారం కలిసిన రెండు లారీలు

కేసముద్రంలో నాకు ఒకే లారీ ఉండేది. బెజవాడ దగ్గర ఉప్పు వ్యాపారం చేసే ఒకాయనకూ ఒకటే. ఎవరి బండీ ఖాళీగా తిరిగి రాకూడదన్నది మా పొత్తు. ఆయన సరుకు ఉప్పు, నా సరుకు మిరపకాయ. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. అవునన్నది అవునుగానే నిలవాలని చిన్నప్పటి నుంచీ చర్చిలో నేర్చుకున్నవాణ్ణి నేను. కొలిచే దేవుడు వేరైనా, మాట దగ్గర ఆయనా అలాంటివాడే.

అరవై తొమ్మిదిలో ఉద్యమం వచ్చింది. మా చర్చి సంఘం పిల్లలూ రోడ్డెక్కారు. వాళ్ల కోపంలో న్యాయం ఉందనే నమ్మాను. అయితే నంబరు చూసి ఏ జిల్లా బండో పోల్చుకుని ఆపేస్తున్నారు. ఆయన బండి ఇటు రాలేదు, నాది అటు పోలేదు. ఊళ్లో ఉప్పు దొరకడం కష్టమైంది.

ఆయనే ఒక దారి ఆలోచించి ఉత్తరం రాశాడు. ఖమ్మం దాటాక, రెండు ప్రాంతాల హద్దు దగ్గర ఒక చింతతోపు ఉంది. రెండు లారీలనూ వెనకలు ఆనించి నిలబెట్టి బస్తాలు మార్చుకుందాం, ఎవరి బండీ హద్దు దాటనక్కర్లేదన్నాడు. జనం తక్కువగా ఉంటారని ఆదివారం పొద్దున రమ్మన్నాడు.

ఉత్తరం గురువారం చేరింది. ఆదివారం నేను బండి తాళం ముట్టను. పైగా ఆ వారం వాక్యం చెప్పే వంతు నాది. నా సంగతి ఆయనకు తెలుసు కదా, సోమవారమే వస్తాడులే అనుకుని టెలిగ్రాం కూడా ఇవ్వలేదు. ఆదివారం సాయంత్రం గట్టి వాన పడింది. నా మిరప బస్తాలు షెడ్డులో భద్రంగా ఉన్నాయి. ఆయన వచ్చి కూర్చుని ఉంటే ఆ ఉప్పు ఎక్కడ తడుస్తోందోనని అప్పుడు తట్టింది. అది కరిగిపోతే మా పొత్తు కూడా కరిగిపోయినట్టే.

సోమవారం తెల్లవారుతూనే నేనూ, డ్రైవరూ, బస్తాలు మోసే హమాలీలూ బయల్దేరాం. మహబూబాబాద్ దగ్గర కుర్రాళ్లు బండి ఆపారు.

“ఏడికే అన్నా, గీ బస్తాలు?”

ఖమ్మం సంతకని చెప్పమని మా జనగామ డ్రైవరు ముందే బతిమాలాడు. నాకు అబద్ధం నోట రాదు.

“హద్దు కాడికి. బెజవాడ ఆయనకిచ్చి ఉప్పు తెస్త.”

“ఆంధ్రోనికి మిర్పకాయలా? దించు మాల్.”

“దించుత. గని మీ అవ్వ కూరల ఏమేస్తున్నదో జర చెప్పు.”

వాళ్లలో ఒకడికి నవ్వు ఆగలేదు. “మొన్నటి సంది ఉప్పు పక్కింట్ల అడుక్కొస్తున్నదే. ఇగ వాళ్లు తలుపు తీస్తలేరు.”

“సరే పో. వాపస్ వచ్చేటప్పుడు ఈడ ఆపాలె. ఉప్పు గాక ఇంకోటుంటే ఊకోం,” అన్నాడు ముందు అడిగినవాడు.

“ఆపుత,” అన్నాను.

చింతతోపులో ఆయన లారీ ఉంది. టార్పాలిన్ చాలక పైన తన దుప్పటీ కప్పాడు. కింది వరస బస్తాల నుంచి నీరు కారుతోంది, మిగతావి బాగానే ఉన్నాయి.

“రండి అన్నగారూ. మీ దేవుడు ఏడో రోజు తాను విశ్రాంతి తీసుకుని నన్ను కాపలా పెట్టాడండి.”

“తప్పు దేవునిది గాదు తమ్మీ, నాది. రానని నాకు గురువారమే ఎరుక. నీకు చెప్పలే.”

“ఆయన ఆదివారం కదలడు, సోమవారం వెళ్లమని మా ఆవిడ చెప్పిందండి. ఊరికి ఉప్పు లేదు కదా, ఈసారికి వస్తారని నేనే అన్నాను.”

ఆ మాట నన్ను గుచ్చింది. గుంటలో పడ్డ గొర్రెను విశ్రాంతి దినాన కూడా పైకి తీయవచ్చని ప్రభువు చెప్పిన సంగతి మీద నేనే ఎన్నిసార్లు వాక్యం చెప్పానో. ఆ గొర్రె ఉప్పు లారీగా వస్తుందని తోచలేదు. ఆరాధన రోజును పాటించడం తప్పని ఈనాటికీ అనను. నోరు విప్పకపోవడం తప్పు.

హమాలీలు మిరప ఘాటుకు తుమ్ముతూనే బస్తాలు మార్చారు. ఈలోగా ఆ గొర్రె సంగతి ఆయనకు చెప్పాను. తడిసిన వరసను నా వంతుకే ఎత్తించుకున్నాను.

“ఇకనుంచి సోమవారమనే రాస్తానండి,” అన్నాడాయన.

“రాయి. ఆదివారమే కావాలంటే గొర్రె అని రాయి. వస్త.”

తిరిగి వచ్చేటప్పటికి మహబూబాబాద్ దగ్గర రోడ్డు మీద ఎవరూ లేరు. “పోనిద్దాం పెద్దన్నా,” అన్నాడు డ్రైవరు. ఆపించాను. కుర్రాళ్లు అన్నాలు తిని వచ్చేదాకా కూర్చుని, తాళ్లు విప్పి బస్తాలు చూపించాను.

ఆ తర్వాత దారులు తెరుచుకున్నాయి. ఏళ్ల తరబడి ఆయన సోమవారాలే రాశాడు. ఎనభైల్లో ఒక శనివారం సాయంత్రం, ఇటు వచ్చే దారిలోని డోర్నకల్ నుంచి ఆయన టెలిగ్రాం వచ్చింది. అందులో ఒకటే మాట, గొర్రె. మర్నాడు వాక్యం చెప్పే వంతు మళ్లీ నాదే. పొద్దున్నే చర్చికి వెళ్లి, గ్రంథం ఇంకో సంఘపెద్ద చేతికిచ్చి, బండి తాళం తీసుకున్నాను.