డీలియా గాలెన్‌కు తోడు కావాలి

మా ఊరు ఆర్డ్‌వార్నలో డీలియా గాలెన్ భయపడని వస్తువు ఒక్కటంటే ఒక్కటి చూపించినవాళ్ళకు నేను నెల్లాళ్ళు టీ పోయిస్తాను. గాలి వీస్తే భయం, వీయకపోతే ఎందుకు వీయడం లేదా అని భయం. బాతు నీళ్ళలో ఉంటే ఒడ్డుకొస్తుందేమోనని, ఒడ్డున ఉంటే తన వెంట పడుతుందేమోనని. చర్చిలో ఫాదర్‌గారు కొత్తగా మైకు పెట్టించిన ఆదివారం, పైనుంచి దేవుడే నేరుగా పిలుస్తున్నాడనుకుని ఆవిడ బెంచీ కిందకి దూరిందని చెప్పుకుంటారు. నేను చూడలేదు గానీ నమ్ముతాను.

పోస్ట్‌మన్ హ్యూయీ పడే బాధ మరీ ఘోరం. ఉత్తరమంటే చావుకబురేనని ఆవిడ నమ్మకం. తలుపు సందులోంచి ఒక కన్ను మాత్రం బయటపెట్టి అడిగేది.

"ఎవరు పోయారు హ్యూయీ?"

"ఎవరూ పోలేదు డీలియా. కరెంటు బిల్లు."

"కరెంటువాళ్ళలో ఎవరైనా పోయారా?"

"అందరూ నిక్షేపంగా ఉన్నారు. అందుకే బిల్లు పంపారు."

"నాకు చేతులు వణుకుతున్నాయి నాయనా. నువ్వే లోపలికొచ్చి చింపి చదివిపెట్టు."

హ్యూయీ లోపలికెళ్ళి బిల్లు చదివి, ఆవిడకు ధైర్యం చెప్పి, ఆవిడ పోసిన టీ తాగి, కిస్‌మిస్ కేకు రెండు ముక్కలు తిని బయటపడేవాడు. ఈ భాగోతం వల్ల ఆవిడ ఇంటి తరవాతి ఇళ్ళవాళ్ళందరికీ ఉత్తరాలు ఆలస్యం. వాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆవిణ్ణి తిట్టుకోని రోజు ఉండేది కాదు.

నేను మా ఊరి బడిలో ఆఫీసు పని చూసేదాన్ని. మా హెడ్‌మాస్టర్ హెరాటీగారు ప్రతి ఆదివారం చర్చికొచ్చేవారు గానీ ఆయన నిజంగా కొలిచే దేవుడు ఇన్సూరెన్సు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. గంట కొట్టకముందు వచ్చిన పిల్లలు బడి పిల్లలు కారు. వాళ్ళకేం జరిగినా తల్లిదండ్రులదే బాధ్యత. కానీ మాలో ఏ ఒక్కరైనా వాళ్ళను చూశామో, ఆ క్షణం నుంచి పూచీ బడిదే.

అందుకని చూడకుండా ఉండటమే మా పొద్దుటి ఉద్యోగం. టీచర్లు వెనక తలుపులోంచి పిల్లుల్లా వచ్చేవారు. కిటికీలకు తెరలు దించి, దీపాలు ఆర్పి, చీకట్లో గుసగుసలాడుతూ టీ తాగేవారు. ఒకరోజు ఆ చీకట్లో చిన్నపిల్లల టీచరమ్మ పంచదార అనుకుని మాస్టారి టీలో ఉప్పు వేసింది. నోరెత్తితే లోపల మనుషులున్నారని బయటికి తెలిసిపోతుందని ఆయన ఆ టీ చివరిదాకా తాగేశారు. నియమమంటే అంత పట్టుదల ఆయనకు.

పిల్లలు బయట చీకట్లో, మేం లోపల చీకట్లో. శీతకాలంలో మా వైపు బడి గంట వేళకు గానీ తెల్లవారదు. బడి ముందు రోడ్డు మీదే చేపల ఫ్యాక్టరీ లారీలు తిరిగేవి, తిరిగి వెళ్ళడానికి మా గేటు దగ్గరే వెనక్కి తిప్పేవి. వెనక్కి వస్తున్న లారీ చప్పుడు వినపడినప్పుడల్లా నేను కిటికీ దగ్గరికి పోయేదాన్ని. తెర పక్కన ఒక చీలిక ఉంది. దాంట్లోంచి నేను చూసేదాన్ని. చూసినట్టు ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

ఆ చలికాలం మొదట్లో ఒక పొద్దున ఆ చీలికలోంచి ఊనా కనిపించింది. ఆరేళ్ళ పిల్ల. గేటు పక్క గోడకు ఆనుకుని ఒక్కతే నిలబడి ఉంది. పై కోటు అక్కదో ఎవరిదో, చేతులు లోపలెక్కడో ఉన్నాయి. వాళ్ళమ్మ మజెల్లా ఫ్యాక్టరీలో చేపలు కోసే పనిలో కొత్తగా చేరింది. మొగుడు స్కాట్లాండులో సొరంగాలు తవ్వడానికి వెళ్ళాడు. ఫ్యాక్టరీ కూత బడి గంటకన్నా చాలా ముందు. కూత దాటితే పని పోతుంది. పిల్లను గేటు దగ్గర దింపి పరుగెత్తడం తప్ప ఆవిడకు దారి లేదు.

మరి ఇరుగుపొరుగు లేరా అంటారు. ఉన్నారు. కానీ మా ఊళ్ళో సాయం చెయ్యడం తేలిక, పుచ్చుకునేవాళ్ళు దొరకడమే గగనం. టీ తాగుతారా అంటే ముమ్మారు వద్దన్నాకే కప్పు ముట్టుకునే జనం మేము. అందులో మజెల్లా మరీను. పక్కింటావిడ పాపం మంచికే, "పిల్లను నా దగ్గర వదిలి వెళ్ళమ్మా" అంది. "మాకు ఒకరి దయ అవసరం ఇంకా రాలేదు" అని మజెల్లా ఆ రోజు నుంచి ఆవిడతో మాట మానేసింది.

నేను ధైర్యం చేసి మాస్టారి దగ్గర కదిపాను.

"మాస్టారూ, గేటు దగ్గర ఒక పిల్ల..."

"ఏ పిల్ల? నువ్వు చూశావా?"

"చూడలేదనుకోండి. ఉందని అనుకోండి."

"ఉందని నేను అనుకుంటే వాళ్ళమ్మ పేరు పైవాళ్ళకు రాసి పంపాలి. పిల్లను ఒంటరిగా వదిలేసిందని. వాళ్ళొచ్చి పిల్లను ఎక్కడికి తీసుకెళ్తారో నాకు తెలీదు. అనుకోమంటావా?"

నేను వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను.

ఆ మర్నాడే బడి ఎదురింటి తలుపు తెరుచుకుని డీలియా గాలెన్ బయటికొచ్చింది. గొడుగు చంకలో పెట్టుకుని, రోడ్డు దాటి, గోడ దగ్గర ఆగిపోయింది. మా కిటికీ పక్కనే కాబట్టి మాటలు వినపడుతున్నాయి.

"అమ్మాయీ, ఆ మలుపులో కుక్క ఉందా?"

"లేదు మిసెస్ గాలెన్."

"లేకపోతే ఇంకా భయం. ఎక్కడో పొంచి ఉందన్నమాట. నేను చర్చికి వెళ్ళాలి తల్లీ, ఒక్కదాన్నీ ఆ మలుపు దాటలేను. కాస్త తెల్లారేదాకా నా చెయ్యి పట్టుకుని నిలబడతావా? నీకు పుణ్యం ఉంటుంది."

ఊనా చెయ్యి బయటికి తీసి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఏం భయం లేదు, నేనున్నానుగా" అంది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి గొప్పగా చెప్పుకుంది. మజెల్లా మర్నాడు పిల్లను దింపుతూ, "ముసలావిడ పాపం వణికిపోతుందట, జాగ్రత్తగా చూసుకో" అని పిల్లకే అప్పగింతలు పెట్టి వెళ్ళింది. సాయం చేసేవాళ్ళ నడకే వేరు. ఆవిడ తల ఎత్తుకుని వెళ్ళింది.

ఇక అక్కణ్ణుంచి రోజూ అదే తంతు. ఫ్యాక్టరీలో పనికి చేరిన తల్లులు పెరిగారు, గేటు దగ్గర పిల్లలూ పెరిగారు. విచిత్రమేమిటంటే డీలియా భయాలు కూడా అదే లెక్కన పెరిగాయి. ఒక్క ఊనా ఉన్నప్పుడు కుక్క సరిపోయింది. టియర్నీల కవలలు చేరేసరికి ఆవిడకు ఎద్దు కనబడింది. అరడజను మంది అయ్యేసరికి గోడ వెనక తలలేని నావికుడు తిరుగుతున్నాడంది. పిల్లలు ఆవిడ చుట్టూ గట్టిగా దడి కట్టినట్టు నిలబడేవాళ్ళు. కాపలా కాసేవాళ్ళు నీరసించకూడదని ఆవిడ సంచీలోంచి వేడి వేడి రొట్టెముక్కలు పంచేది. నేను మాత్రం, ఈవిడ పిరికితనం పిల్లలకు కూడా అంటిస్తోంది కదా అని లోపల సణుక్కునేదాన్ని.

ఇలా ఉండగా నగరం నుంచి ఇన్సూరెన్సు ఆయన తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. గంటకు ముందే వచ్చి గేటు దగ్గర నిలబడతాడట. మాస్టారి మొహం సున్నం కొట్టినట్టయింది. తల్లులకు చెబుదామంటే, పిల్లల్ని మేం చూస్తున్నట్టు ఒప్పుకోవాలి. చెప్పకపోతే మజెల్లా పేరు పైకి పోతుంది.

ఆ పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురిల్లే కనపడలేదు. ఇన్సూరెన్సు ఆయనా, పక్కన మాస్టారూ, ఆయన వెనక నేనూ మెట్ల మీద నిలబడ్డాం. గేటు దగ్గర పిల్లలు నీడల్లా ఉన్నారు. డీలియా ఇంకా రాలేదు. ఎప్పుడూ లేనిది ఆ రోజే ఆలస్యం చెయ్యాలా అని నేను పళ్ళు నూరుకుంటున్నాను.

అప్పుడే లారీ వెనక్కి రావడం మొదలుపెట్టింది. ఎర్ర దీపాలు గేటువైపే వస్తున్నాయి. ఊనా గోడకూ లారీకీ మధ్య ఉంది. నేను మెట్లు దిగబోయాను. మంచులోంచి డీలియా గాలెన్ వచ్చింది. పరుగున వచ్చింది. ఒక చేత్తో ఊనాను లాగి వెనక్కి నెట్టి, రెండో చేత్తో గొడుగు తిప్పి లారీ వెనక తలుపు మీద ధనాధనా బాదింది. లారీ ఆగింది. డ్రైవరు దిగగానే వాడి తాతముత్తాతల దగ్గర మొదలుపెట్టి వాడి కళ్ళజోడు దాకా వరసగా దులిపేసింది. ఆ మాటల్లో సగం నేను అంతకుముందు ఓడరేవులో కూడా వినలేదు. నిలువెత్తు మనిషి టోపీ తీసి చేత్తో పట్టుకుని, "తప్పయిపోయిందమ్మా" అంటూ లారీ ఎక్కి పోయాడు.

అప్పుడావిడ వెనక్కి తిరిగింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఆవిడకు తన భయం గుర్తొచ్చింది.

"అమ్మో, నా గుండె," అని గోడకు చేరగిలబడింది. "కాళ్ళలో సత్తువ పోయింది. ఎవరైనా పట్టుకోండర్రా."

పిల్లలంతా ఎగబడి పట్టుకున్నారు. ఆ నిమిషంలో నా కళ్ళు తెరుచుకున్నాయి. ఆ పోస్ట్‌మన్ హ్యూయీ సంగతీ అంతే. పెళ్ళాంపిల్లలు లేరు, ఇంట్లో మాట్లాడే దిక్కు లేదు. ఎవరైనా టీకి పిలిస్తే బిడియంతో గుమ్మం దాటేవాడు కాడు. ఆవిడ భయపడబట్టే వాడు ఆ ఇంట్లో అడుగుపెట్టాడు. అయితే ఆ బాతుల భయమైనా నిజమేనా అంటే, నాకిప్పటికీ తెలియదు.

ఇన్సూరెన్సు ఆయన డీలియా దగ్గరికెళ్ళి అడిగాడు.

"అమ్మా, ఈ పిల్లల బాధ్యత మీదేనా? మీదేనంటే నేను అలాగే రాసుకుంటాను, గొడవ ఉండదు."

అవునంటే చాలు, అందరూ గట్టెక్కుతారు. కానీ పక్కనే ఊనా వింటోంది. ఊనా విన్నది సాయంత్రానికి మజెల్లా వింటుంది. మర్నాటి నుంచి పిల్లను ఆవిడ ఛాయలకే రానివ్వదు. డీలియా ఆయన్నీ, పిల్లనూ మార్చి మార్చి చూసింది. ఆవిడ పెదవులు వణికాయి. అది మాత్రం నటన కాదు.

"నాది కాదు బాబూ. నన్నే వీళ్ళు చూసుకుంటున్నారు."

"మేమే ఆవిడకి తోడు," అంది ఊనా ఛాతీ విరిచి.

"అలాగైతే ఈవిడ లెక్కలోకి రారు," అన్నాడాయన మాస్టారితో. "రేపటి నుంచి గంటకు ముందు గేటు బయట ఏ పిల్ల కనపడినా తల్లి పేరు పంపండి. పంపకపోతే బడికి ఇన్సూరెన్సు ఉండదు."

మాస్టారు తలూపారు. ఆ పగలంతా తన గది తలుపు వేసుకుని కూర్చున్నారు. నేను టీ తీసుకెళ్తే చల్లారిపోయేదాకా అలాగే ఉంది.

మర్నాడు పొద్దున నేను చీలిక దగ్గర నిలబడి ఉండగా వెనక అడుగుల చప్పుడైంది. మాస్టారు.

"తెర ఎత్తు."

"ఎత్తితే పిల్లలు కనపడతారు మాస్టారూ."

"కనపడనీ."

ఆయనే దీపాలన్నీ వేశారు. ముందు తలుపు గడియ తీసి, మెట్లు దిగి గేటు దాకా నడిచారు. ఆగలేక నేనూ వెనకే వెళ్ళాను. జన్మలో ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి, డీలియా ముందు నిలబడి చెవుల దాకా ఎర్రబడ్డారు.

"మిసెస్ గాలెన్, మీతో ఒక మాట చెప్పుకోవాలి. ఇది పాత భవనం కదా. పొద్దున్నే ఒక్కణ్ణీ లోపల కూర్చుంటే ఏవేవో చప్పుళ్ళు. ఎవరికీ చెప్పుకోలేదు గానీ, నాకు భయంగా ఉంటోంది."

లోపల ఆయనతో పాటు ముగ్గురు టీచర్లు ఉన్నారు. వాళ్ళు తలుపు దగ్గరే నిలబడి వింటూ కూడా కిక్కురుమనలేదు.

"గంట కొట్టేదాకా మీరూ, ఈ పిల్లలూ లోపలికొచ్చి కాస్త తోడుంటే, నాకు పెద్ద ఉపకారం చేసినవాళ్ళవుతారు."

డీలియా ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నోరు మాత్రం నవ్వు ఆపుకుంటోంది.

"వీళ్ళ అమ్మలతో మీరు చెప్పుకోవాలి మాస్టారూ. సాయం అడిగింది మీరేనని."

"చెబుతాను. ప్రతి ఇంటికీ వెళ్ళి, ఋణపడి ఉంటానని చెబుతాను. ముందు మజెల్లా ఇంటికే వెళ్తాను."

ఊనా డీలియా చెయ్యి వదిలేసి వచ్చి, మాస్టారి వేలు గట్టిగా పట్టుకుంది.

"ఫరవాలేదు మాస్టారూ, మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది," అని ఆయన్ని మెల్లగా బడిలోకి నడిపించుకుపోయింది.