ఊఁ కొట్టే మనిషి

పెద్దేముల్ పక్కనున్న తన ఊళ్ళో దశరథ్‌ను "నీ గురించి చెప్పు" అని ఎవరూ ఏనాడూ అడిగి ఎరగరు. అడిగే అవసరం ఏముంది? ఆటో దిగిన పిల్లవాణ్ణి చూసి "ఎవల పిల్లగానివి?" అంటారు. "శంకరప్ప కొడుకును" అంటే చాలు. గొర్ల శంకరప్ప ఎవరో, వాళ్ళ ఇంటి మాట ఎంత గట్టిదో, అన్నీ ఆ ఒక్క మాటలోనే వచ్చేస్తాయి. ఆ పైన ఇంకేమైనా చెప్పబోతే సొంత డబ్బా కొట్టుకుంటున్నాడంటారు. అలాంటి ఊళ్ళో పుట్టినవాడికి, పెళ్ళీడు దాటిపోతున్న వయసులో, తెల్లారి లేస్తే తన గొప్ప తాను ఇంగ్లీషులో చెప్పుకోవడమే పనైపోయింది.

అంతకుముందు దశరథ్‌కు మంచి ఉద్యోగమే ఉండేది. వికారాబాద్‌లో ఇంజనీరింగ్ చదివాడు. రోజూ తాండూరు నుంచి రైల్లో పోయి వచ్చిన చదువు; కూర్చోవడానికి సీటు దొరికిన రోజులు తక్కువ. తర్వాత హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి, ఎక్కడో దూరదేశపు గోదాముల్లో ఏ సరుకు ఏ అరలో ఉందో చెప్పే ప్రోగ్రాములు రాశాడు. పని వచ్చినవాడని పేరు తెచ్చుకున్నాడు. ఇంతలో తల్లి హన్మమ్మకు కిడ్నీలు రెండూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు తాండూరు తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. మిషన్ మీద నుంచి దిగాక ఆమెకు కళ్ళు తిరుగుతాయి, ఎవరో ఒకరు పట్టుకుని ఇంటిదాకా తేవాలి. శంకరప్ప గొర్లను విడిచి కదలలేడు. కంపెనీవాళ్ళు కొన్నాళ్ళు ఇంటి నుంచి చేసుకోమన్నారు, ఆ తర్వాత ఆఫీసుకు రావాల్సిందేనన్నారు. దశరథ్ పోలేకపోయాడు.

ఇక మిగిలింది ఇంట్లో కూర్చుని చేసే కొలువు ఒక్కటే. అది దొరికితే అందరూ ఉన్నచోటే ఉంటారు. దొరక్కపోతే దశరథ్ హైదరాబాద్ పోవాలి, శంకరప్ప మందను అమ్మేసి భార్య వెంట ఆస్పత్రికి తిరగాలి. ధారూర్ నుంచి బేరగాడొకడు ఇప్పటికే వచ్చి మందను ఒక చూపు చూసి పోయాడు. గొర్లు లేని శంకరప్ప పొద్దున లేచి ఎటు నడుస్తాడో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

తల్లి మిషన్ మీద ఉన్నంతసేపూ దశరథ్ ఆస్పత్రి బయట బెంచీ మీద కూర్చుని దరఖాస్తులు పెట్టేవాడు. బండరాళ్ళ లారీలు పోతుంటే లాప్‌టాప్ మీద దుమ్ము పేరుకునేది. అరచేత్తో తుడిచి మళ్ళీ రాసేవాడు. చాలా చోట్ల నుంచి జవాబే రాదు. వచ్చిన చోట మనిషి ఉండడు. ఇప్పుడు కొత్త పద్ధతి ఒకటి పుట్టింది. తెర మీద ప్రశ్న కనబడుతుంది, పక్కన ఎర్ర చుక్క వెలుగుతుంది, రెండు నిమిషాల్లో నీ గురించి నువ్వు చెప్పుకోవాలి. అది రికార్డయి ఎక్కడికో పోతుంది. వినేవాడెవడో, ఎప్పుడు వింటాడో, అసలు వింటాడో లేదో భగవంతుడికే తెలియాలి. ఒక్కటే అవకాశం. తప్పు దొర్లితే తుడిచేసి మళ్ళీ చెప్పడానికి లేదు.

దశరథ్ మూగవాడేం కాదు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు విదేశీయులతో ఫోన్ల మీద గంటలు గంటలు మాట్లాడినవాడే. కానీ అవతల ఎవరో ఒకరు ఉండేవాళ్ళు, మధ్యలో ఒక మాట అనేవాళ్ళు. ఈ ఎర్ర చుక్క ముందు మాత్రం ఒక వాక్యం చెప్పగానే నోరు ఆగిపోయేది. బావిలోకి తొంగి చూసి మాట్లాడుతున్నట్టుండేది. అలా రెండు కంపెనీలు చేజారిపోయాయి. మూడోది కాస్త పెద్దది, పనేమో సరిగ్గా తనకు తెలిసిన గోదాముల పనే. దానికి పిలుపు రాగానే సంతోషానికి ముందు భయం పట్టుకుంది.

సింధుజ అని, వికారాబాద్‌లో అతనితో చదివిన అమ్మాయి, ఇప్పుడు అక్కడే ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేస్తోంది. దశరథ్ గోడు మొత్తం ఫోన్లో విని ఆమె ఒక ఉపాయం చెప్పింది. లాప్‌టాప్ వెనక తెలిసిన మనిషిని కూర్చోబెట్టుకుని, ఆ మనిషికే చెబుతున్నట్టు చెప్పమంది. తను చెల్లెల్ని కూర్చోబెట్టుకుందట. ఆ పిల్ల కిక్కురుమనకుండా కూర్చుందట.

దశరథ్‌కు ఆ సమయంలో ఇంట్లో దొరికిన మనిషి శంకరప్ప. ఆయన గురించి ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. వాళ్ళ కురుమోళ్ళ వాడలో ఒగ్గుకథ జరిగినప్పుడల్లా ముందు కూర్చుని ఊఁ కొట్టేది ఆయనే. చెప్పేవాడికి ఊఁ కొట్టకపోతే కథ దారి తప్పుతుందని ఆయన నమ్మకం. ఆ అలవాటు కథలతో ఆగలేదు. బస్సులో పక్కవాడు తన కష్టం చెప్పుకున్నా ఊఁ కొడతాడు, రేడియోలో వార్తలు వస్తున్నా ఊఁ కొడతాడు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఊరికే కూర్చోవడం మర్యాద కాదు, అంతే.

కొడుకు పిలిచాడనగానే శంకరప్ప కాళ్ళు కడుక్కుని, ఉతికిన రుమాలు తలకు చుట్టుకుని వచ్చాడు. పరీక్ష షరతుల్లో గదిలో మరో వ్యక్తి ఉండకూడదని ఉంది. దశరథ్ అది చదివాడు కూడా. కానీ మరో వ్యక్తి అంటే పక్కన చేరి జవాబులు అందించేవాడనుకున్నాడు. ఇంగ్లీషులో ఒక్క ముక్క రాని తండ్రి అందులోకి వస్తాడని అతనికి తట్టనే లేదు. అయినా ముందు జాగ్రత్తగా ఒక మాట చెప్పాడు.

"నాయినా, నువ్వు మాత్రం ఏం మాట్లాడద్దు."

"నేనేం మాట్లాడ్త కొడుకా? నీ ఇంగిలీషు నాకేడొస్తది," అన్నాడు శంకరప్ప.

ఆ రోజు దశరథ్ మాట్లాడినట్టు ఎప్పుడూ మాట్లాడలేదు. తను రాసిన ప్రోగ్రాం ఒకసారి ఎలా మొండికేసిందో, దాన్ని ఎలా దారికి తెచ్చాడో తండ్రి ముఖంలోకి చూస్తూ పూసగుచ్చినట్టు చెప్పాడు. మాట వెంట మాట దానంతటదే వచ్చింది. గోదాము సంగతేమీ అర్థం కాకపోయినా శంకరప్ప కొడుకు కళ్ళలోకే చూస్తూ, ఎక్కడ తల ఊపాలో అక్కడ ఊపుతూ విన్నాడు. ఎర్ర చుక్క ఆరిపోయాక దశరథ్‌కు చెమటలు పట్టాయి, నవ్వూ వచ్చింది. ఈ ఉద్యోగం తనదేనని మొదటిసారి అనిపించింది.

శంకరప్ప ఆనందం ఇంకొక మెట్టు పైనే ఉంది. కొడుకు చదివిన చదువులో, చేసిన పనిలో తనకు చోటు ఉండగలదని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆ సాయంత్రం హన్మమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పాడు, తోటి కాపరులకు చెప్పాడు, టీ కొట్టు దగ్గర కూడా చెప్పాడు. మనోడు చెప్తుంటే నేనే కూసున్న అని.

వారం తిరగకుండానే మెయిల్ వచ్చింది. దశరథ్ ఆస్పత్రి బెంచీ మీదే దాన్ని తెరిచాడు. అతని జవాబుల మధ్య గదిలో మరో వ్యక్తి గొంతు పదేపదే వినిపించిందనీ, దాన్ని బయటి సహాయంగా లెక్కించి దరఖాస్తును ఇంతటితో ముగిస్తున్నామనీ అందులో ఉంది. అతనికి మొదట అర్థం కాలేదు. ఎవరి గొంతు? తండ్రి నోరు విప్పలేదే. ఆ రెండు నిమిషాలను మనసులో మళ్ళీ నడిపించుకుంటే అప్పుడు వినబడింది. తన ప్రతి వాక్యం చివర, మెల్లగా, మర్యాదగా, ఊఁ. పుట్టినప్పటి నుంచీ వింటున్న చప్పుడు కాబట్టి చెవి దాన్ని పట్టించుకోలేదు. యంత్రం పట్టించుకుంది. తనను అంత బాగా మాట్లాడించింది కూడా ఆ ఊఁ యేనని తెలిసి దశరథ్‌కు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో పాలుపోలేదు.

వివరంగా జవాబు రాశాడు. మా నాన్నకు ఇంగ్లీషు రాదు, మా వైపు వినేవాళ్ళు అలా అంటారు, అది సహాయం కాదు, అలవాటు అని బతిమాలుకున్నాడు. పంపిన మరుక్షణమే అటు నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఈ చిరునామాకు వచ్చే ఉత్తరాలను ఎవరూ చదవరని.

సింధుజకు ఫోన్ చేస్తే ఆమె మొదట నవ్వింది. తర్వాత ఒకటే అంది.

"మీ నాయినకు మాత్రం చెప్పకు దశరథ్. తెలిస్తే ఇగ ఆయన ఎవ్వరి ముందట ఊఁ అనడు."

అతను కూడా అదే అనుకున్నాడు. అనుభవం ఎక్కువ ఉన్నవాణ్ణి తీసుకున్నారట అని తండ్రికి అబద్ధం చెప్పాడు. శంకరప్ప ఆ నష్టం వాళ్ళదేనన్నాడు. ఇంకోటి వస్తది, మళ్ల చెప్దాం అన్నాడు. చెప్దాం అన్న మాట దశరథ్ గుండెలో ముల్లులా దిగింది.

ఇంకోటి వచ్చింది. చిన్న కంపెనీ, జీతం తక్కువ, కానీ ఇంటి నుంచే పని. గడువు రోజు పొద్దున దశరథ్ లాప్‌టాప్ తెరిచేసరికి శంకరప్ప అప్పటికే కాళ్ళు కడుక్కుని, రుమాలు చుట్టుకుని ఎదురుగా కూర్చుని ఉన్నాడు. దొడ్లో గొర్లు అరుస్తున్నాయి. పొమ్మని చెప్పడానికి దశరథ్‌కు నోరు రాలేదు. ఉండమంటే ఉద్యోగం పోతుంది, పొమ్మంటే ఎందుకని అడుగుతాడు. అందుకని కెమెరా వెలిగించకుండానే మొత్తం చెప్పాడు. శంకరప్ప ప్రతి వాక్యానికీ ఊఁ కొట్టాడు. తండ్రిని ఇలా మోసం చేయాల్సి వచ్చినందుకు దశరథ్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది.

శంకరప్ప తృప్తిగా లేచి, కర్ర అందుకుని, లోపలి గది గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగాడు. నిన్ననే డయాలసిస్ చేయించుకున్న హన్మమ్మ లోపల పడుకుని ఉంది.

"పిల్లగాడు ఇంక మాట్లాడేదుంటదో ఏమో. ఒక్కన్ని చెయ్యకు, జర చూస్కో," అని ఆమెకు చెప్పి మంద వెంట వెళ్ళిపోయాడు.

దశరథ్ ఆ మాట విన్నాడు గానీ లెక్కలోకి తీసుకోలేదు. మందు మత్తులో తల్లి నిద్రపోతోందనుకున్నాడు. లోపలి గది తలుపు దగ్గరగా వేసి వచ్చి, ఈసారి నిజంగానే మీట నొక్కాడు. ఎర్ర చుక్క వెలిగింది. ఎదురుగా తండ్రి లేచి వెళ్ళిన కుర్చీ ఉంది. ఆ కుర్చీకే తన పేరు చెప్పాడు, చేసిన పని చెప్పాడు. చెప్పి, తెలియకుండానే ఆగాడు. రావాల్సింది రాలేదు. ఇంకొక వాక్యం చెప్పి మళ్ళీ ఆగాడు. తెర మీద సమయం మాత్రం కరిగిపోతోంది. తర్వాతి మాట ఎంత వెతికినా దొరకలేదు.

అప్పుడు దగ్గరగా వేసిన తలుపు వెనక నుంచి, ఓపిక చాలని గొంతుతో, హన్మమ్మ "ఊఁ" అంది.

ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. ఇదీ పోయిందని అతనికి తెలిసిపోయింది. ధారూర్ బేరగాడు కళ్ళ ముందు మెదిలాడు. లేచి వెళ్ళి అమ్మను ఊరుకోమనడానికి కాళ్ళు రాలేదు. ఊరుకోమన్నా ఇప్పుడు ఒరిగేదేమీ లేదు.

"చెప్పు కొడుకా, వింటున్న," అంది హన్మమ్మ లోపల్నుంచి.

దశరథ్ చెప్పాడు. మిగిలిన సమయమంతా, ఎక్కడా తడబడకుండా, తన గురించి చెప్పాల్సినదంతా చెప్పాడు. వాక్యం చివర ఆగి, ఊఁ అనేదాకా ఉండి, తర్వాతిది చెప్పాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేయి ఎత్తలేదు. చివరికి ఎర్ర చుక్క ఆరిపోయింది. లోపల్నుంచి ఇంకొక ఊఁ వినిపించింది, అతను చెప్పేది ఇంకా ఉందేమోనని.