నడుమెత్తు అరుగులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చేప అన్న మాట పైకి అనేవారు కాదు. తప్పనిసరైతే మా అమ్మ "అదే, ఆ నీచు" అని గొంతు తగ్గించేది. అలాంటి ఇంటి యజమాని మీద ఒక ఊరికి చేపల మార్కెట్ కట్టించే బాధ్యత పడింది. మా నాన్నగారు మునిసిపల్ కమిషనరు. ఊరి పేరు చెప్పను. ఏలూరులో బస్సెక్కితే గంటలో దిగిపోయే చిన్న మునిసిపాలిటీ అనుకోండి, చాలు.

కొల్లేటి లంకల నుంచి తెల్లారేసరికి మొదటి బస్సు వచ్చేది. దాని టాపు మీద నుంచి నీళ్ళు కారుతూ గంపలు దిగేవి. ఆ గంపల వెనకే ఆడవాళ్ళు దిగి, బస్టాండు నుంచి మా బడి దాకా రోడ్డుకి రెండు పక్కలా కూర్చుండిపోయేవారు. మధ్యలో మిగిలిన సందులోంచే రిక్షాలు, ఎడ్లబళ్ళు, మేము. నేను ముక్కు మూసుకుని నడిచేదాన్ని. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. నోటికి మాత్రం ముప్ఫై ఏళ్ళని మా అమ్మ అనేది. రోజూ అన్నాల దగ్గర నాన్నగారితో వాదన పెట్టుకునేదాన్ని. మీరు కమిషనరు కదా, వాళ్ళని అక్కణ్ణించి పంపించెయ్యడానికి మీకేం అడ్డం అని. ఆయన మజ్జిగ కలుపుకుంటూ, "కట్టిస్తున్నాంగా, కాస్త ఓపిక పట్టు" అనేవారు.

కట్టించారు కూడా. బస్టాండు వెనక సందులో, చుట్టూ గోడ, పైన రేకులు, లోపల రెండు వరసల్లో సిమెంటు అరుగులు. అరుగుల మీద తెల్ల పలకలు. ఇంజినీరు గారు ఏదో మహానగరంలో చేపల మార్కెట్ చూసి వచ్చి, అచ్చం అలాగే గీశారు. అక్కడ మగవాళ్ళు నిలబడి, చెక్కమొద్దు మీద పెద్ద కత్తితో నరుకుతారట. అందుకని అరుగు నడుమెత్తు. ఆ ప్లాను చూసి బాగుందన్నది నాన్నగారు, సరేనన్నది పై ఆఫీసులో ఇంకొకాయన. నేను పెద్దయ్యాక లెక్క చూసుకుంటే, ఆ ముగ్గురిలో ఒక్కరూ ఎన్నడూ చేప తిన్నవాళ్ళు కాదు, కొన్నవాళ్ళు అంతకన్నా కాదు. అంత ధైర్యంగా చేపల మార్కెట్ గీసెయ్యడం మన ఆఫీసులకే చెల్లింది.

కట్టాక ఒక్కరూ లోపలికి వెళ్ళలేదు. తాళాలు తీసి పెట్టారు, దండోరా వేయించారు, కాగితాలు అంటించారు. ఉహుఁ. సోమవారం ప్రారంభోత్సవానికి పెద్దలెవరో వస్తున్నారని ఖాయమైంది. అప్పటికి రోడ్డు ఖాళీ కాకపోతే మునిసిపల్ లారీ తెప్పించి గంపలన్నీ ఎత్తించేద్దామని శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు తేల్చేశారు. ఈ సంగతి ముందుగానే రోడ్డెక్కింది.

గంపలు ఎత్తించేస్తే అందరికన్నా నష్టపోయేది బస్సు ఆగే చోటుకి ఆనుకుని కూర్చునే ఒక ముసలావిడ. అందరూ లంక మామ్మ అనేవారు. ఇంటాయన మంచం పట్టాక ఆ ఇంటికి ఆవిడ గంపే ఆధారమని ఊళ్ళో అందరికీ తెలుసు. మధ్యాహ్నం దాటితే చేప మెత్తబడిపోతుంది. ఆ గంప లారీ ఎక్కితే ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి రాజదు. సందులోకి వెళ్ళినా అంతేనని, బస్సు దిగేవాళ్ళు తనకోసం వెనక సందుదాకా రారని ఆవిడ భయం.

ఆదివారం పొద్దున్నే నాన్నగారు తానే వెళ్ళి చెప్పి వస్తానని బయల్దేరారు. నేను వెంటపడ్డాను. నిజం ఒప్పుకోవాలంటే, వాళ్ళకి చీవాట్లు పడుతుంటే చూడాలని వెళ్ళాను. ఇంజినీరు గారు, ఇన్‌స్పెక్టరు గారు కూడా వచ్చారు.

"రేపట్నించి ఇక్కడ కూర్చోడానికి వీల్లేదమ్మా. మీకోసమే కదా లోపల అంత బాగా కట్టించాం. ఎందుకెళ్ళరు?" అన్నారు నాన్నగారు.

ఒక్కసారిగా పది గొంతులు లేచాయి. కుదరదండి అని ఒకావిడ, అక్కడ బేరాలుండవండి బాబూ అని ఇంకొకావిడ. ఇన్‌స్పెక్టరు గారు నాన్నగారి వైపు తిరిగి, "విన్నారాండీ? ఇదండీ వరస. వీళ్ళకి మంచిమాట ఎక్కదండీ" అన్నారు.

అప్పుడు లంక మామ్మ లేచి, చేతులు కుండ నీళ్ళతో కడుక్కుని, దణ్ణం పెట్టింది. "ఎల్తామండి. కమిషనర్ గారంతోరు వచ్చి సెప్పాక ఎల్లకేం సేత్తామండి? అయితే మాకు సదువుల్లేవు గందండీ. ఆ అరుగు మీద ఎలా కూకోవాలో తెలవట్లేదు. తవరొక్కసారి కూకుని సూపించారంటే, ఇప్పుడే ఎల్లి కూకుంటామండి."

పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇన్‌స్పెక్టరు గారికి కోపం వచ్చింది. "ఏంటే, కమిషనర్ గారితో ఎకసెక్కాలా?" అని గద్దించారు. నాన్నగారు ఆయన్ని చేత్తో ఆపి, "అడిగిందాంట్లో తప్పేముందండీ? పదమ్మా" అంటూ ముందుకి నడిచారు. ఆవిడ తన కత్తిపీట, ఒక కుండ పట్టుకుని వెనకే వచ్చింది.

కూరలు తరిగే కత్తిపీటలాంటిదే అది, కాస్త పెద్దది. అడుగున చెక్కపీట, దానికి నిలువుగా కత్తి. చెక్కని కాలి కింద అదిమి పట్టుకుంటేనే చేప తెగుతుంది. నిలబడి వాడేది కాదు. అందుకని నాన్నగారు అరుగు ఎక్కాల్సి వచ్చింది. రెండు చేతులూ ఆనించి, ఒక మోకాలు పెట్టి, పడుతూ లేస్తూ ఎక్కారు. తెల్లచొక్కా వేసుకున్న మా నాన్నగారు చేపల అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం చూసి నాకు నవ్వు ఆగలేదు. ఇక్కడికి వచ్చి చూస్తే మా అమ్మ ఏమైపోతుందో అనుకున్నాను.

ఆవిడ కత్తిపీట ఆయన ముందు పెట్టి కాలు ఎక్కడ పెట్టాలో చూపించింది. కాలు చాపబోతే వీపు గోడకి తగిలింది. తర్వాత కుండలోంచి రెండు దోసిళ్ళ నీళ్ళు కత్తి మీద పోసింది. ఆ నీళ్ళు ముందుకి జారకుండా తిన్నగా నాన్నగారి పంట్లాం కిందికి పోయాయి.

ఇంజినీరు గారు గబగబా వివరించారు. "కొనేవాళ్ళ కాళ్ళు తడవకూడదని వాలు వెనక్కి ఇచ్చామండీ."

"అమ్మేవోళ్ళు తడిసినా పర్లేదనండి" అంది మామ్మ, ఆయన మాటని తానే పూర్తి చేస్తున్నట్టు, ఎంతో మర్యాదగా.

అప్పుడు కుండలోంచి బతికున్న కొర్రమేను తీసి పలక మీద పెట్టింది. అది ఒక్క గెంతు గెంతి, నున్నటి పలక మీద సర్రున జారి, నా కాళ్ళ దగ్గర పడింది. నేను కెవ్వున అరిచాను. గుమ్మం దగ్గర పోగైన జనం గొల్లుమన్నారు. నాన్నగారు కూడా నవ్వారు. అందాకా అంతా వినోదంగానే ఉంది.

"పాపగారూ, మీరు బేరానికొచ్చారనుకోండి. ముందుకి రండి. ఏ సేప కావాలో వంగి సూసుకోండి" అంది మామ్మ.

నేను నవ్వుతూ వెళ్ళి అరుగుకి ఆనుకుని నిలబడ్డాను. వంగడానికేం లేదు, అరుగు నా రొమ్ము దాకా ఉంది. నాన్నగారు నన్ను చూడ్డానికి తల దించారు. దించి, అలాగే ఉండిపోయారు. కత్తి మొన సరిగ్గా నా కళ్ళ ఎత్తున ఉంది. మధ్యలో జానెడు దూరం. ఆయన కంగారుగా కాలు తీయబోతే మడమ పీటని తన్నింది. తడిసిన పలక మీద పీట జర్రున నా వైపు జరిగింది.

జరిగి, ఆగిపోయింది. లంక మామ్మ చెయ్యి దానికి అడ్డంగా ఉంది. ఇప్పుడు పెట్టిన చెయ్యి కాదు. నన్ను ముందుకి రమ్మన్నప్పటి నుంచీ ఆవిడ అరచెయ్యి పీట ముందు ఆనించే ఉంచింది. మేమెవరం గమనించలేదు.

"బేరానికొచ్చే ఆడోళ్ళ ఎంట పిల్లలుంటారండి. నేల మీదైతే ఈ కత్తి పిల్లల మోకాలి కాడ ఆగుద్దండి. ఇక్కడైతే..." అని ఆపేసింది.

నాన్నగారు అరుగు దిగి, నా భుజం మీద చెయ్యి వేశారు. తర్వాత నన్ను పట్టుకునే రోడ్డు మీదికి వచ్చి, అందరికీ వినపడేలా అన్నారు. "తప్పు మాది. అరుగులు మార్పించేదాకా మీరెవరూ కదలక్కర్లేదు. లారీ రాదు."

ఇన్‌స్పెక్టరు గారు నొచ్చుకున్నారు. "అందరి ముందూ అలా అనేస్తే ఎలాగండీ? రేపు మన మాట ఎవరు వింటారండీ?"

"తప్పని తెలిసి కూడా లారీ పంపించామనుకోండి, అప్పుడు మానేస్తారండీ వినడం" అన్నారు నాన్నగారు.

ఆయన ఆఫీసుకి వెళ్ళి కొత్త ప్లాను అడుగుతారనుకున్నాను. అడగలేదు. మురికికాలవల పక్కన చల్లే సున్నం తెప్పించి, రోడ్డు పక్కనే మామ్మని రోజూ కూర్చున్నట్టే కూర్చోమన్నారు. ఆవిడ చుట్టూ ముగ్గు వేసినట్టు గీత గీయించారు. గంపకి చోటు, నీళ్ళ కుండకి చోటు, పొలుసు రుద్దే గరుకు రాయికి చోటు, కొనే మనిషి వంగడానికి చోటు. ఇంజినీరు గారు ముఖం మాడ్చుకునే టేపు పట్టుకున్నారు. "బాబుగారూ, నా కాలు కూడా లెక్కెట్టుకోండి. దాన్ని ఇంటికాడ ఒగ్గేసి రాను గందా" అని మామ్మ అంటే ఆయనకీ నవ్వొచ్చేసింది. ఆ తర్వాత ఆవిణ్ణి ఆయనే ఒక్కొక్కటీ అడగడం మొదలుపెట్టారు. కుళాయి ఎంత దూరంలో ఉంటే లేవకుండా అందుతుంది, ఎండ ఎటునుంచి కొడుతుంది, బస్సు దిగినవాళ్ళకి మీరు కనపడాలంటే ఏ గోడ అడ్డం అని. ఇవన్నీ కట్టకముందు అడిగితే ఎంత బాగుండేదో ఆయనకి ఆ క్షణంలో తెలిసే ఉంటుంది.

సోమవారం ప్రారంభోత్సవం ఆగిపోయింది. పై ఆఫీసు నుంచి నాన్నగారికి మెమో వచ్చింది. వానాకాలం వెళ్ళేదాకా పని సాగింది. అరుగులు పగలగొట్టి జానెడు ఎత్తుకి దించారు, పలకలు తీసి గరుకు రాళ్ళు పరిచారు, బస్టాండు వైపు గోడ తీసేశారు. లంక మామ్మ బస్సు కనపడే మొదటి చోటు తీసుకుని కూర్చుంది. మిగతావాళ్ళు ఆవిడ వెనక. ఒకావిడ మాత్రం ఎప్పటికీ లోపలికి రాలేదు. ఎందుకో నాకు తెలీదు.

ఆ ఆదివారం రాత్రి పడుకోబోయే ముందు నాన్నగారు, "నువ్వు చెప్పినట్టు వాళ్ళని పంపించేసి ఉంటే ఏమయ్యేదంటావ్?" అని అడిగారు. నేనెప్పుడు చెప్పానని బొంకాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ రాత్రి నేను ఇంకేం వాదించలేదు. మా ఇంట్లో అది విశేషమే.

ఇప్పుడు నేనూ ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. కొత్తగా చేరిన పిల్లలు శిక్షణకి ఏలూరు వస్తే నన్ను పిలిచి మాట్లాడమంటారు. ఆకాశం నుంచి తీసిన ఫొటోలు, రంగురంగుల ప్లానులు తెస్తారు. బాగానే ఉంటాయి. "మేడమ్, ఒక్క ముక్కలో చెప్పండి" అంటారు. ఒక్క ముక్కలో ఏం రాదు నాయనా, వెళ్ళి కూర్చోండి అంటాను. నిలబడి చూసి రావడం కాదు, వాళ్ళు కూర్చునే వేళకి, వాళ్ళు కూర్చునే చోట, ఇస్త్రీ చొక్కా పాడైపోయేలా కూర్చోండి. మీ వెంట ఒక పిల్లనో ముసలావిణ్ణో తీసుకెళ్ళండి. హాల్లో మైకు చేతికిచ్చి మీ సూచనలు చెప్పండి అంటే ఎవరైనా అంతా బాగుందండి అనే అంటారు. చెప్పమనకండి, చేసి చూపించమనండి. తప్పు తేలితే, తేలిన చోటే నిలబడి ఒప్పుకోండి. పేపర్లో ప్రకటన వేసి ఒప్పుకున్నామనుకోకండి.

ఇదంతా చెప్పే నేను ఎప్పుడూ పాటించానా అంటే, ఒకసారి పాటించలేదు. పనుల ఒత్తిడిలో వెళ్ళి చూడకుండానే ఒక పేటకి వీధికుళాయిల ప్లాను మీద సంతకం పెట్టేశాను. తీరా చూస్తే కుళాయి కింద బిందె పట్టలేదు. ఆ పేట ఆడవాళ్ళు చెంబుతో పట్టి బిందెలో పోసుకుంటూ నన్ను ఎన్ని అనుకున్నారో. అనుకోవాల్సిందే. నేను స్వయంగా వెళ్ళి, అందరి ముందూ తప్పు నాదేనని చెప్పి, ఎత్తు మార్పించాను. కానీ మార్చేదాకా గడిచిన ఆ పొద్దుల్ని వాళ్ళకి తిరిగి ఇవ్వలేను కదా.

అప్పటినుంచీ ప్లాను బల్ల మీదికి వస్తే నేను అడిగేది ఒక్కటే. ఇక్కడ కూర్చునేది ఎవరు, ఆవిణ్ణి పిలిచారా అని. ఆవిడ వచ్చి చూపించేదాకా సంతకం పెట్టను. పై నుంచి ఫోన్లు వస్తాయి, మెమోలు వస్తాయి. రానివ్వండి. ఆలస్యానికి సంజాయిషీ రాసుకోవడం నాకు బాగానే వచ్చు. కత్తి జారిన చోట నిలబడ్డ పిల్ల తల్లికి ఏం రాసివ్వాలో మాత్రం, ఇన్నేళ్ళ సర్వీసులో నాకు ఎవరూ నేర్పలేదు.