గట్టిగా కూత పెట్టు

సింగపూర్‌లోని సెరంగూన్‌లో ఆ వీధుల పేర్లన్నీ ఇంగ్లండు ఊళ్ళవే. ఒకప్పుడు దొరల కుటుంబాల కోసం కట్టిన వరస ఇళ్ళు. ముందు కాస్త పచ్చిక, ఇనప గేటు. పట్టపగలు కూడా పిట్ట అరిస్తే ఉలిక్కిపడేంత నిశ్శబ్దం. బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసే అనిల్‌కుమార్ ఆ నిశ్శబ్దాన్ని చూసే ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. అతని భార్య నాగమల్లేశ్వరి గుంటూరులో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసింది. వంటింట్లోంచి వీధి గదిలోకి కేకేసి మాట్లాడుకునే ఇంట్లో పుట్టిన మనిషి. ఇక్కడికొచ్చాక కుక్కరు పెట్టేముందు కిటికీలు మూయటం అలవాటు చేసుకుంది.

పక్కింటి మిసెస్ పెరేరా రెండుసార్లు ఇంటి ఓనరుకు ఫోను చేసింది. రోట్లో పచ్చడి నూరినందుకోసారి, పాప ఏడ్చినందుకోసారి. ఇంకోసారి ఫోనొస్తే ఖాళీ చేయమన్నాడు ఓనరు. అప్పట్నుంచి ఇంట్లో ప్రతి మాటకు ముందూ "ష్" వచ్చి కూర్చుంది. రెండున్నరేళ్ళ ఉజ్వల ఏడుపొస్తే దిండులో మొహం దాచుకునేది. ఎంత బుద్ధిమంతురాలో అని మల్లేశ్వరి మురిసిపోయింది కూడా.

ఆ ఆదివారం ఆంగ్ మో కియోలో స్నేహితురాలు లత ఫ్లాటుకు భోజనానికి వెళ్ళారు. కారిడారు నిండా పిల్లల కేరింతలు. ఉన్నట్టుండి ఉజ్వల కనపడలేదు. లిఫ్టు దగ్గర, మెట్ల మీద, కింద ఆటస్థలంలో వెతికారు. చివరికి లత, బిగుసుకుపోయిన పడగ్గది తలుపు నెట్టి చూస్తే, దాని వెనకే ఉంది పిల్ల. "అమ్మా, తలుపు... అమ్మా, తలుపు" అని గుసగుసగా అంటోంది.

"ఓర్నాయనో, ఇంతసేపూ పిలుస్తానే ఉందంటే ఇది!" అంది లత.

మల్లేశ్వరి పాప గొంతు మీద వేళ్ళు ఆనించింది. "మళ్ళీ పిలువు తల్లీ." పెదవులు కదిలాయి, గాలి వచ్చింది. వేళ్ళ కింద అదురు లేదు.

తిరిగొస్తూ రైల్లో అనిల్‌కుమార్ నచ్చజెప్పాడు. "పెద్దయితే అదే వస్తుందిలే మల్లీ. ఆ పెరేరాతో పెట్టుకోకు. సాఫ్ట్‌వేర్ రిలీజ్ నెత్తి మీదుంది, ఇప్పుడు ఇల్లు మారే ఓపిక లేదు."

"మీరు మారద్దులెండి. సామాను నేను మోస్తా."

మర్నాడు సాయంత్రం కిటికీలన్నీ బార్లా తెరిచి, పాపను పచ్చికలోకి తెచ్చి దాగుడుమూతలు మొదలెట్టింది. పూలకుండీ వెనక నక్కి, పుట్టింటి గొంతుతో "కూ!" అని కూత పెట్టింది.

ఉజ్వల హడలిపోయి పెదాల మీద వేలేసుకుంది. "ష్... అమ్మా, ఆంటీ."

ఆంటీ గేటు దగ్గరికి రానే వచ్చింది. "ఇది మార్కెట్టా? ఇక్కడ మనుషులు ప్రశాంతంగా ఉంటారు!"

"ఉండండి ఆంటీ. మా పాప ఆడుకుంటోంది. రోజూ ఈ వేళకు ఆడుకుంటుంది, అరుస్తుంది."

"ఓనరుకు ఫోన్ చేస్తా."

"చేయండి. పొమ్మంటే పోతాం. పోయేదాకా అరుస్తుంది. నంబరు లేకపోతే నేనిస్తా." మల్లేశ్వరి గేటు దగ్గర్నుంచి కదల్లేదు. పక్కింటి తలుపు ధడాలున మూసుకుంది.

"ఇప్పుడు నువ్వు దాక్కో," అని కళ్ళు మూసుకుంది మల్లేశ్వరి. కుండీ వెనక నుంచి ఉత్త గాలి వచ్చింది. "వినపళ్ళేదే! ఎక్కడున్నావో నాకెట్లా తెలుస్తుంది?" మళ్ళీ గాలే. ఆపైన తుప్పు పట్టిన తలుపు బందు కదిలినట్టు, బొంగురుగా, "కూ".

పరిగెత్తి వెళ్ళి గొంతు మీద వేళ్ళు పెట్టింది. చిన్నగా అదురుతోంది.

లోపల ఫోను మోగటం మొదలైంది. ఉజ్వల భయంగా తలుపు వైపు చూసింది.

"మోగనీ," అంది మల్లేశ్వరి. "ఇంకోసారి. దానికంటే గట్టిగా."