తినని పండు

ఆ వీధిలో దర్జీని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ అతను అరంగుళమే. ఏ బట్ట కుట్టినా లోపల అరంగుళం ఎక్కువ వదిలేవాడు. "మనిషన్నాక లావవుతాడు, చిక్కుతాడు. మధ్యలో బట్టేం చేసింది పాపం!" అనేవాడు. అంతకు మించి మాట్లాడటం అతనికి చేతకాదు. పక్కనే స్టూలు మీద కూర్చుని బొత్తాలకు కాజాలు కుట్టే భార్య ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది. గిరాకీ మనిషితో బేరం ఆమెదే, ఆలస్యమైతే సాకు ఆమెదే, మొగుడి మీద ఫిర్యాదూ ఆమెదే.

నలభై దాటాక దర్జీకి షుగరని తేలింది. మొగుడు చిన్న బిళ్ల వేసుకుని ఊరుకున్నాడు గానీ, ఆమె మాత్రం కొంగు బిగించింది. ఇంట్లో చక్కెర డబ్బా మాయమైంది. అన్నం కొలిచి పెట్టేది. తనూ టీలో చక్కెర మానేసి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే అతని వేలు పొడిచి, మీటరు మీద అంకె వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేది.

మొదట్లో అంకె బుద్ధిగా దిగింది. తర్వాత మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది. బిళ్ల మార్చినా అంతే, అన్నం తగ్గించినా అంతే. జలుబు చేస్తే చాలు, అంకె ఇంకా పైకి లేచేది.

"ఏమండీ, నిజం చెప్పండి. కొట్లో ఎవరైనా ఏమైనా పెడుతున్నారా?"

"లేదే."

"మరి మీటరు అబద్ధమాడుతోందా?"

అతను తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకున్నాడు. తల వంచుకున్నాడు కాబట్టి దొంగేనని ఆమె తేల్చేసింది. అంత తెలివైన ఆడది, అరచేతిలో పట్టే ఆ డబ్బాను నమ్మింది గానీ ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషిని నమ్మలేకపోయింది. కొట్టుకు వచ్చినప్పుడల్లా అతని జేబులు తడిమేది, మిషను సొరుగు వెతికేది. జలుబు మందు తియ్యగా ఉంటుందని సీసాలకు సీసాలు తాగుతున్నాడేమోనని అనుమానించింది. ఒకసారి కొలతల బల్ల కింద బిస్కెట్టు పొడి దొరికింది. ఎవరో గిరాకీ మనిషి చంటిపిల్ల రాల్చినదది. దాని మీద రెండు పూటలు ఇల్లు పీకి పందిరి వేసింది.

ఈ గొడవలో పడి అసలు సంగతి ఆమె కంట పడలేదు. మొగుడు చిక్కిపోతున్నాడు. వేరే ఎవరైనా అయితే ప్యాంటు జారిపోయేది, చొక్కా వేలాడేది, ఊరంతా అడిగేది. కానీ ఇతను దర్జీ. వదులుగా ఉన్న బట్ట ఒంటి మీద ఉంటే అతనికి ప్రాణం విలవిల్లాడుతుంది. నడుము జారిన ప్రతిసారీ ఆమె వంటపనిలో ఉండగా మిషను ముందు కూర్చుని, ప్యాంటు తిరగేసి కాస్త లోపలికి పట్టి కుట్టేసుకునేవాడు. దాంతో ఎప్పుడు చూసినా కొత్త పెళ్లికొడుకులా బట్ట ఒంటికి అతికినట్టు ఉండేవాడు. పథ్యం భలే పనిచేస్తోందని ఆమె మురిసిపోయింది కూడా.

ఆ రోజు పొద్దున అతను లేచి చెంబెడు నీళ్లు తాగాడు. మళ్లీ ఇంకో చెంబు. వేలు పొడవడానికి దగ్గరకు వచ్చిన ఆమెకు గుప్పుమని వాసన కొట్టింది. మగ్గిన పండు వాసన, సరిగ్గా అతని నోట్లోంచి.

"తిన్నారా? పొద్దున్నే పండు తిన్నారా? ఎక్కడ దాచారు?"

"ఒట్టు, నేనేమీ తినలేదే."

"నా ముక్కు కూడా అబద్ధమాడుతోందా? మీ కోసం నోరు కట్టుకుని చస్తున్నాను. మీకు సిగ్గు లేకపోతే పోయె, నా మీద జాలైనా లేదా?"

వేలు పొడిపించుకోకుండానే అతను చెప్పులేసుకుని కొట్టుకు వెళ్లాడు. కోపంతో ఆమె వెంటనే వెళ్లలేదు. పని ముగించుకుని వెళ్లేసరికి బల్ల మీద ఎవరిదో కోటు గుడ్డ అడ్డదిడ్డంగా కత్తిరించి ఉంది. ఎన్నడూ గీత దాటని కత్తెర అతనిది. అతను గోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. పక్కనే వాంతి. కొండ ఎక్కి వచ్చినవాడిలా ఆయాసపడుతున్నాడు. ఆమె తన తమ్ముడికి ఫోను చేసింది.

తమ్ముడు వ్యాను తెచ్చాడు. "బావా, కళ్లు తెరువు బావా" అంటూనే బండి తోలాడు. ఆసుపత్రిలో దర్జీని లోపలికి తీసుకుపోయారు. కాసేపటికి నర్సు అతని బట్టలు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. మడత పెడదామని ప్యాంటు తిరగేసింది. నడుము లోపల కుట్టు మీద కుట్టు, వరుస మీద వరుస. గుడ్డ అక్కడ అట్టలా మందంగా ఉంది. ఆ కుట్టు ఎవరిదో ఆమెకు వేరే చెప్పాలా! ఆ వరుసల మీద వేలు పెట్టుకుని, వరండాలో అందరి ముందూ భోరుమంది.

డాక్టరమ్మ రాగానే తప్పు ఒప్పుకున్నట్టు చెప్పింది. "పొద్దున పండు తిన్నారమ్మా. నోరంతా వాసన."

"తినలేదమ్మా" అంది డాక్టరమ్మ. "ఒంట్లో ఇన్సులిన్ లేకపోతే రక్తంలో ఎంత చక్కెరున్నా కండకి అందదు. అప్పుడు ఒళ్లు తన కొవ్వు తనే కాల్చుకుంటుంది. ఆ వాసనే అది. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు."

పరీక్షల ఫలితాలు వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టి మిగతాది చెప్పింది. ఒంట్లో కాపలా కణాలుంటాయి. రోగం పురుగు కనిపిస్తే ఒకదానికొకటి కబురు పంపుకుని మీద పడతాయి. ఇతని ఒంట్లో ఆ కబురు దారి తప్పింది. కాపలా కణాలు ఇన్సులిన్ తయారుచేసే కణాలనే దొంగలనుకున్నాయి. ఆ కబుర్ల తాకిడికే ఇన్సులిన్ కణాలు ముందు బెదిరి పని తగ్గించాయి, తర్వాత ఒక్కొక్కటే రాలిపోయాయి. జలుబు చేసినప్పుడు ఒంట్లో కబుర్ల హడావుడి ఇంకా పెరుగుతుంది, చక్కెరా పెరుగుతుంది. అందరికీ వచ్చే షుగరు కాదిది. ఇక ఇంజెక్షనే ఆధారం.

"అయితే నేను కడుపు మాడ్చినందుకు కాదా?" అంది ఆమె.

"మీ పథ్యం వల్లా రాలేదు, ఆయన తిండి వల్లా రాలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు."

డాక్టరమ్మ వెళ్లాక ఆమె మొగుడి మంచం పట్టె మీద కూర్చుంది. "చిక్కిపోతున్నానని నాతో ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది?"

"అంత కష్టపడి పథ్యం చేస్తున్నావు. చెబితే నీ మనసు చివుక్కుమంటుందని..."

"మీ మొహం!" అని దుప్పటి అతని మెడదాకా లాగి కప్పింది. అతని మీద ఇంత ప్రేముందని ఆమెకే అప్పటిదాకా తెలియదు.

ఇంటికొచ్చాక ఇంజెక్షను వేయడం ఆమే నేర్చుకుంది. జీవితమంతా సూదితోనే బతికిన మనిషి, తన పొట్టలో సూదనగానే కళ్లు గట్టిగా మూసుకునేవాడు. ఆమె నవ్వేది, అతనూ నవ్వేవాడు. రంగు తేలింది, బుగ్గలు కాస్త నిండాయి.

కొన్నాళ్లకు ఒక పొద్దున మీటరు అంకె మళ్లీ పైకి లేచింది. ముందు రోజు తుమ్ములు మొదలయ్యాయి. ఆమె అంకె చూసి తల ఎత్తింది. ఆ చూపుకే అతని భుజాలు వంగిపోయాయి.

"నేనేం తినలే..."

ఆమె చప్పున అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను అడిగానా?"

అతను ఆ చేతిని అక్కడే పట్టుకున్నాడు. ఆసుపత్రిలో చావు దాకా వెళ్లి వచ్చినా కన్నీటి చుక్క రాల్చని మనిషి, ఆమె అరచేతిలో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.